మీకు తెలుసా? సగం గీసి వదిలేసిన మొహాల సంగతులు!

పాత ఇళ్ల గోడల మీద తాతయ్యల, నాయనమ్మల ఫొటోలు చూశారా? తల, మెడ, భుజాలు చక్కగా కనిపిస్తాయి. ఆ కింద ఒళ్లంతా తెల్లటి కాగితంలోకి కరిగిపోయి ఉంటుంది. ఈ పద్ధతి పేరు విన్యెట్. మొహాన్ని నిండుగా తీర్చిదిద్దాలి, బయటికి పోయేకొద్దీ వివరం తగ్గించాలి, చివరికి ఖాళీలో కలిపేయాలి. అంతే కిటుకు! ఫొటో పుట్టకముందు నుంచే చిత్రకారులు ఈ పని చేస్తున్నారు. కొందరు కావాలని చేశారు, కొందరు ఎదుట కూర్చున్న మనిషి లేచిపోతే ఏం చేయాలో తోచక చేశారు. ఆ వింతలు కొన్ని ఇక్కడ ఏరి పెట్టాను.

✦ అమెరికా ఒక డాలరు నోటు మీది జార్జ్ వాషింగ్టన్ బొమ్మకు మూలం అసలు పూర్తే కాని చిత్రం! 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ మొహం దిద్ది, తల చుట్టూ కాస్త గోధుమరంగు పూసి కుంచె దించేశాడు. మిగతా కాన్వాసంతా ఖాళీ. ఎందుకో చెప్పుకోండి? పూర్తిచేస్తే బొమ్మను వాషింగ్టన్ ఇంటికి పంపేయాలి! ఆయన దాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకుని, దాన్ని చూసి డెబ్బై దాకా నకళ్లు గీసి, ఒక్కోటి 100 డాలర్లకు అమ్ముకున్నాడు. వాటిని తన వంద డాలర్ల నోట్లని ముద్దుగా పిలుచుకునేవాడట. 1828లో ఆయన పోయేనాటికీ మూలచిత్రం అలాగే ఉంది. జంటగా గీయించుకున్న వాషింగ్టన్ భార్య మార్తా చిత్రానిదీ అదే గతి, అదీ సగమే!

✦ ఆ బొమ్మలో వాషింగ్టన్ పెదవులు ఎందుకంత బిగుసుకుని ఉన్నాయి? కట్టుడు పళ్ల వల్ల! 1789లో అధ్యక్షుడయ్యేనాటికే ఆయన నోట్లో మిగిలిన సొంత పన్ను ఒక్కటంటే ఒక్కటి.

✦ మన నోటు మీద గాంధీగారి నవ్వు ఒక ఆంగ్లేయుడి పక్కన నవ్వింది! 1946లో ఢిల్లీలోని వైస్రాయ్ భవనంలో, అంటే నేటి రాష్ట్రపతి భవన్‌లో, బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ పక్కన గాంధీగారు ఉండగా తీసిన ఫొటో అది. 1996 నుంచి వచ్చిన నోట్ల కోసం పక్కనున్న మనిషినీ, వెనకున్న భవనాన్నీ తీసేసి మొహం మాత్రం ఉంచారు. పైగా కుడిఎడమలు తిప్పేశారు. డాలరు మీది వాషింగ్టన్‌దీ సరిగ్గా ఇదే కథ, ఆయన మొహమూ మూలచిత్రానికి అద్దంలో ప్రతిబింబమే!

✦ నోట్ల మీద పూలు, పక్షులు చాలవా, మొహాలే ఎందుకు? మనిషి కన్ను మొహంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుంది కాబట్టి దొంగనోటులోని మొహం ఇట్టే దొరికిపోతుంది. చెక్కుడు పనివాళ్లు ఆ మొహం అంచుల్లో గీతల్ని చుక్కలుగా విడగొట్టి కాగితంలోకి కరిగిస్తారు. ఈసారి నోటు చేతికొస్తే భూతద్దంతో చూడండి!

✦ నెపోలియన్ అంతటివాడు చిత్రకారుడికి ఇచ్చిన సమయం మూడంటే మూడు గంటలు! 1797-98 ప్రాంతంలో జాక్ లూయీ దావిద్ నిలువెత్తు చిత్రం మొదలుపెడితే, బొనపార్టు ఒక్కసారి వచ్చి కూర్చుని మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. అందుకే లూవ్ర్ మ్యూజియంలోని ఆ కాన్వాసు మీద తల మాత్రం ప్రాణంతో మెరుస్తుంటే, ఒళ్లు కొన్ని గీతలుగా మిగిలింది. నాకైతే ఆయన మీద వచ్చిన పటాటోపపు చిత్రాలన్నిటి కన్నా ఇదే నచ్చుతుంది.

✦ ఇక దీనికి పూర్తి విరుద్ధం! 1899లో పాల్ సెజాన్ తన బొమ్మల వ్యాపారి వొల్లార్‌ను 115 సార్లు కూర్చోబెట్టాడు. అయినా చేతి మీద రెండు చిన్న చోట్ల రంగు పడనే లేదు. తోచిన రంగేదో అక్కడ పెడితే బొమ్మ మొత్తం ఆ చుక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందని సెజాన్ భయమట! 115 సార్లు కూర్చున్నాక సెజాన్ మెచ్చుకున్నదేమిటో తెలుసా? చొక్కా ముందుభాగం.

✦ అసలు మీ కన్నే ఒక విన్యెట్, నమ్ముతారా? చేయి ముందుకు చాచి బొటనవేలి గోరు చూడండి. పూర్తి స్పష్టతతో మనం ఒక్కసారిగా చూడగలిగేది ఇంచుమించు ఆ గోరంత మేరే, రెండు డిగ్రీలకు మించదు. చుట్టూ ఉన్నదంతా మసకే! కళ్లు చకచకా తిరుగుతుంటాయి కాబట్టి అంతా స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మొహం స్పష్టంగా, అంచులు మసకగా ఉన్న బొమ్మ మనకు అంత సహజంగా తోచేది బహుశా అందుకే.

✦ మొహం చూసేటప్పుడు మన చూపు ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి ఒక శాస్త్రవేత్త మనుషుల కంటిగుడ్లకే పరికరం అతికించాడు! 1960లలో రష్యాకు చెందిన అల్‌ఫ్రెడ్ యార్బస్ గాలి లాగేస్తే అతుక్కునే చిన్న మూతను కంటికి తగిలించి చూపు దారిని గీయించాడు. తేలిందేమిటంటే, చూపు రెండు కళ్ల మీదా పెదవుల మీదా పదేపదే వాలుతుంది, తల చుట్టుపక్కలకు అరుదుగా పోతుంది. చిత్రకారులు ఆ సంగతి ఏ మూతలూ లేకుండానే కనిపెట్టేశారు!

✦ ఒక ప్రేమికుడు మొహం కూడా వద్దనుకుని ఒక్క కన్ను మాత్రం గీయించి పంపాడు! 1785లో ఇంగ్లండు యువరాజు, తర్వాతి కాలపు నాలుగో జార్జ్, తాను మనసుపడ్డ మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌కు ఉత్తరంతో పాటు తన కంటి బొమ్మ పంపాడు. అదే ఏడాది డిసెంబరులో ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. కన్నొక్కటే ఉంటే ఎవరిదో బయటివాళ్లు పోల్చుకోలేరు, కానీ ప్రియురాలు పోల్చుకుంటుంది! దాంతో ఉంగరాల్లో, లాకెట్లలో కంటి బొమ్మలు పెట్టుకోవడం పెద్ద వేలంవెర్రి అయింది. చాలావాటిలో కంటి చుట్టూ మబ్బు తెరలు కమ్మినట్టు రంగు కరిగిపోయి ఉంటుంది. విక్టోరియా రాణి కూడా ఇలాంటి కళ్లు గీయించుకుంది. మీరైతే మీ వాళ్ల కన్ను చూసి ఎవరిదో చెప్పగలరా?

✦ రెండు వేల ఏళ్ల కిందటే ఒక రోమన్ పెద్దమనిషి, గొప్ప చిత్రకారుల పూర్తికాని బొమ్మల్నే జనం ఎక్కువ మెచ్చుకుంటున్నారని రాసిపెట్టాడు! ఆయన పేరు ప్లినీ, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన ఆయనే. మిగిలిపోయిన గీతల్లో చిత్రకారుడి ఆలోచన కనబడుతుందని ఆయన చెప్పిన కారణం.

✦ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువులోని మొహాలు దాదాపు 80 ఒక బీరువాలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి! హాన్స్ హోల్బైన్ గీసిన ఆ బొమ్మల కట్టను 1727 ప్రాంతంలో కెన్సింగ్టన్ రాజభవనంలో కరొలిన్ రాణి కనిపెట్టింది. గులాబీరంగు పూసిన కాగితం మీద రంగుసుద్దతో మొహం ఎంతో నాజూగ్గా ఉంటుంది, బట్టలేమో నాలుగు గీతలే. మరి బట్టల రంగు ఎలా గుర్తుంటుంది? ఇక్కడ ఎరుపు, ఇక్కడ సాటిన్ అని పక్కనే జర్మన్‌లో రాసుకున్నాడు! థామస్ మోర్ బొమ్మకైతే గీతల వెంట సూదితో చిల్లులు పొడిచారు, వాటి మీద పొడి చల్లితే గీతలు కిందున్న పలక మీదికి దిగుతాయి. మన ముగ్గుల డబ్బా చేసే పని కూడా అదే కదూ!

✦ మహారాణి మొహం గీసి ఒళ్లు వదిలేసిన సాహసి కూడా ఉన్నాడు. ఐజాక్ ఆలివర్ 1590 ప్రాంతంలో గీసిన మొదటి ఎలిజబెత్ చిన్న బొమ్మలో మొహం పూర్తయింది, బట్టలూ నగలూ గీతల దగ్గరే ఆగాయి. వయసు దాచకుండా గీసిన మొహమది! ఆరేళ్ల తర్వాత, 1596లో, రాణిగారిని బాగా చూపించని బొమ్మల్ని నాశనం చేయమని ఆమె మంత్రిమండలి ఉత్తర్వే ఇచ్చింది. ఈ బొమ్మ మాత్రం తప్పించుకుని లండన్‌లోని ఒక మ్యూజియంలో హాయిగా ఉంది.

✦ రాజునే తప్పించి ఇంగ్లండును ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ అసలు మొహం అరచేతిలో ఇమిడిపోతుంది! శామ్యూల్ కూపర్ గీసిన ఆ చిట్టి బొమ్మలో పులిపిరికాయలతో సహా మొహమంతా ఉంది, కింద ఒళ్లు లేదు. నకళ్లు తీయడానికి మూలంగా తన దగ్గరే ఉంచుకున్న బొమ్మ కాబట్టి చిత్రకారుడు మొహంతోనే సరిపెట్టుకున్నాడు.

✦ నిలువెత్తు బొమ్మకు మొహం విడిగా గీసి అతికించారంటే నమ్ముతారా? మోరీస్ క్వెంతాన్ ద లాతూర్ 1755లో ప్రదర్శించిన మదామ్ పొంపదూర్ పాస్టెల్ చిత్రంలో తల వేరే కాగితం ముక్క మీద ఉంది. మొహం మనిషి ఎదుట కూర్చున్నప్పుడే గీయాలి, పట్టుచీర కుచ్చిళ్ల లాంటి ఆ గౌను మడతలు తర్వాత తీరిగ్గా గీసుకోవచ్చు! ఆయన గీసిన ఉత్త మొహాలు, మెడ కూడా లేనివి, ఫ్రాన్స్‌లోని ఆయన సొంత ఊరు సెంట్ క్వెంతాన్‌లో వరసగా ఉన్నాయి.

✦ అక్బరు చిత్రశాలలో మొహాలకు ప్రత్యేకంగా ఒక మనిషి! బొమ్మ కూర్పు ఒకరు చేస్తే, రంగులు ఇంకొకరు వేస్తే, ముఖ్యుల మొహాలు దిద్దడానికి కొన్నిసార్లు మూడో నిపుణుడు వచ్చేవాడు, అక్బర్‌నామా బొమ్మల కింద ఎవరు ఏం చేశారో పేర్లతో సహా రాసి ఉంది.

✦ ఒకప్పుడు లండన్‌లో మీ ఒళ్లు ఎంత కనిపిస్తే అంత ధర! 1764లో జాషువా రెనాల్డ్స్ తల వరకు గీస్తే 30 గినీలు, నిలువెత్తున గీస్తే 150 గినీలు పుచ్చుకునేవాడు. తలకు అయిదు రెట్లు! కాళ్లకు ఇంత ఖరీదుందని ఎవరనుకుంటారు?

✦ గోయా గీసిన స్పెయిన్ రాజకుటుంబం సామూహిక చిత్రం ఎంత పెద్దదో, దాని కోసం వేసుకున్న మొహాలు అంత ఒంటరివి. 1800లో ఆయన ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఎర్రమట్టి రంగు పూత మీద తలలు గీశాడు. వాటిలో అయిదు ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. వెనక ఏమీ లేదు, కింద ఏమీ లేదు, కానీ మొహాలు మాత్రం ఇప్పుడే మాట్లాడేలా ఉంటాయి!

✦ వాన్ డైక్ రాగిరేకు మీద చెక్కిన తన సొంత మొహం కింద మరొకరు వచ్చి ఏం చేశారో ఊహించండి. ఏకంగా ఒక పీఠం కట్టారు! 1630 ప్రాంతంలో ఆయన ఖాళీ రేకు మీద తల ఒక్కటే గీసి వదిలేస్తే, ఆయన పోయాక 1645లో జాకబ్ నీఫ్స్ ఆ తలను రాతి విగ్రహంగా మార్చి పుస్తకం మొదటి పేజీ చేసేశాడు. ఒట్టి తల ఉన్న పాత ముద్రణ పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఖాళీలో ఎంత ఊపిరి ఉందో తెలిసిపోతుంది.

✦ లియొనార్డో ద విన్సీదిగా చెప్పే ఒక అమ్మాయి బొమ్మలో జుట్టు అసలు గాల్లోనే ఉంది! ఇటలీలోని పార్మాలో ఉన్న ఈ బొమ్మ ఎత్తు 25 సెంటీమీటర్లు కూడా లేదు. వంచిన మొహం ఎంత మెత్తగా పూర్తయిందో, చెదిరిన జుట్టు అంత తొందరగా నాలుగు గీతల్లో ముగిసింది.

✦ మోనాలిసా మొహంలో అంచులు ఎక్కడని వెతికితే దొరకవు. ఆ నీడల కోసం లియొనార్డో వేసిన పూతల్లో కొన్నిటి మందం ఒకటి రెండు మైక్రాన్లే! ఇలాంటివి ఎన్నో కలిపినా 30, 40 మైక్రాన్లు దాటవని 2010లో ఎక్స్‌రేలతో కొలిచారు, అంటే మొత్తం పూతలన్నీ కలిసి ఒక తలవెంట్రుక మందం కూడా లేవు.

✦ బానిసల వ్యాపారం మీద జీవితమంతా పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ చిత్రంలో తల తప్ప దాదాపు ఏమీ లేదు! 1828లో థామస్ లారెన్స్ మొదలుపెట్టాడు, 1830లో ఆయనే చనిపోయాడు. లారెన్స్‌కు తల ముందుగా తీర్చే అలవాటు ఉండబట్టి మనకు మొహమైనా దక్కింది. వెన్నెముక వంగిపోయిన ముసలి విల్బర్‌ఫోర్స్ తల కాస్త వాల్చి చూస్తున్న చూపులో ఎంత దయో!

✦ పెన్సిలు బొమ్మలతో కడుపు నింపుకున్న మహా చిత్రకారుడు, వాటి పేరెత్తితే మండిపడేవాడు! రోమ్‌లో యాత్రికులకు గీసినవాటితో కలిపి ఆంగ్ర్ పెన్సిలు మొహాలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. చిన్న చిన్న బొమ్మలు గీసే మనిషి ఇల్లు ఇదేనా అని ఎవరో అడిగితే, కాదు, ఇక్కడుండేది చిత్రకారుడని తలుపేసుకున్నాడట. ఇప్పుడు మ్యూజియాలు ఆ చిన్న బొమ్మల కోసమే పోటీ పడుతున్నాయి!

✦ బ్రెడ్డుతో బొమ్మలు గీయొచ్చా? గీయడం కాదు, చెరపొచ్చు! జాన్ సింగర్ సార్జెంట్ 1907 ప్రాంతంలో ఆయిల్ పోర్ట్రెయిట్లకు దండం పెట్టేసి బొగ్గు పట్టుకున్నాడు. బ్రెడ్డు ముక్కను ఉండచేసి బొగ్గుపొడి తుడిస్తే నుదుటి మీద, ముక్కు మీద వెలుగు పుట్టేది. ఇలాంటివి సుమారు 750 గీశాడు, ఒక్కోదానికి మూడు గంటల లోపే!

✦ అంచులు కరిగించే ఫొటోకు పేటెంటు కూడా ఉంది. 1849లో బోస్టన్‌కు చెందిన జాన్ ఆడమ్స్ విపుల్ తీసుకున్నాడు. మధ్యలో రంధ్రమున్న తెల్ల అట్టను కెమెరాకూ మనిషికీ మధ్య పట్టుకుని, ఫొటో పడుతున్నంతసేపూ ఆడిస్తూనే ఉండాలి! కదిలే అట్ట అంచు ఎక్కడా గీతగా పడదు, అందుకే ఒళ్లు తెల్లదనంలోకి మెల్లగా మాయమవుతుంది.

✦ తర్వాత స్టూడియోలకు ఇంకో ఉపాయం దొరికింది, అదీ బేరిపండు ఆకారంలో! పైన సన్నగా తలకు, కింద వెడల్పుగా భుజాలకు సరిపోయే రంధ్రమున్న అట్టను నెగెటివ్ మీద ఉంచి, దాని మీద పల్చటి కాగితం పరిచి ఎండలో ముద్రించేవారు. కొందరు రంధ్రం అంచును రంపపు పళ్లలా కత్తిరించేవారు, వెలుగు అంచు దగ్గర ఒక్కసారిగా తెగిపోకుండా.

✦ పోర్ట్రెయిట్ కెమెరా కటకం లెక్కల్ని ఫిరంగి దళం సిపాయిలు వేశారు! 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన కటకం పాతవాటి కన్నా దాదాపు 20 రెట్లు వెలుతురు పట్టేది. గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టే సిపాయిల్ని ఆయనకు సాయంగా ఇచ్చారు. మధ్యలో మొహం కత్తిలా స్పష్టం, అంచులు మెత్తటి మసక. విన్యెట్ దానంతటదే!

✦ ఎవరూ అడగకపోయినా వెలుగు మూలల్లో తగ్గుతుంది. మామూలు కటకంలో మధ్య నుంచి 30 డిగ్రీల పక్కకు పోతే వెలుగు 56 శాతానికి దిగుతుంది, 45 డిగ్రీలు పోతే పావు వంతే మిగులుతుంది! ఒకప్పుడు ఇంజినీర్లు తల పట్టుకున్న ఈ లోపాన్ని ఇప్పుడు ఫోన్లలో మనం ఫిల్టరు పెట్టి మరీ తెచ్చుకుంటున్నాం.

✦ కలకత్తాలో పుట్టిన ఒక మహిళ 48 ఏళ్ల వయసులో తొలి కెమెరా పట్టి ప్రపంచాన్ని అబ్బురపరిచింది! జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన మొహాలు మసక చీకట్లోంచి పైకి తేలినట్టుంటాయి. కూర్చున్నవాళ్లు నిమిషాల తరబడి కదలకూడదు, కదిలినా ఆమె బాధపడేది కాదు, ఆ మసకే ఆమెకు కావలసింది.

✦ ఒక దేశాధ్యక్షుడి బొమ్మ గీస్తుండగానే ఆయన కుప్పకూలిపోయాడు. 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఎలిజబెత్ షుమటాఫ్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను నీటిరంగుల్లో గీస్తోంది. ఆ మధ్యాహ్నమే ఆయన మరణించారు. మొహం పూర్తయిన ఆ కాగితం అక్కడే భద్రంగా ఉంది. తర్వాత ఆమె జ్ఞాపకంతో ఇంకొకటి పూర్తిగా గీసింది. రెంటికీ తేడా కనిపెట్టండి చూద్దాం! మొదటిదాంట్లో టై ఎరుపు, రెండోదాంట్లో నీలం.

✦ ఎదుటి మనిషి తిరిగి రాకపోతే బొమ్మ పూర్తయినట్టేనా? అయినట్టే అంది చిత్రకారిణి ఏలిస్ నీల్! 1965లో జేమ్స్ హంటర్ అనే యువకుణ్ని గీస్తే మొహమూ చెయ్యీ అయ్యాయి, ఒళ్లు గీతల్లోనే ఉంది. వియత్నాం యుద్ధానికి పిలుపు అందుకున్న ఆ కుర్రాడు రెండోసారి రాలేదు. ఆమె కాన్వాసు వెనక సంతకం పెట్టి పూర్తయిందని ప్రకటించింది. ఆ ఖాళీని రంగుతో నింపే ధైర్యం మీకుందా?

✦ నీటిరంగుల గురువులు విన్యెట్‌కు ఒక వింత నియమం చెబుతారు. రంగు కాగితం నాలుగు అంచుల్నీ ఎక్కడో ఒకచోట తాకాలి, కానీ మిగిలిన నాలుగు తెల్ల మూలల్లో ఏ రెండూ ఒకే ఆకారంలో ఉండకూడదు! మూలలు ఒకేలా ఉంటే బొమ్మ గుడ్డులా కనిపించి కన్ను విసుగు చెందుతుంది, తేడాగా ఉంటే తెల్ల కాగితం కూడా బొమ్మలో భాగమైపోతుంది. పిల్లలూ, ఒక్కసారి గీసి చూడండి, నాలుగు తేడా మూలలు తేవడం ఎంత కష్టమో!

✦ 1854లో మన దేశపు నాలుగణాల స్టాంపు మీద విక్టోరియా రాణి తలకిందులుగా వేలాడింది! స్టాంపుల లోకంలో చట్రం మధ్యనుండే బొమ్మనూ విన్యెట్ అనే అంటారు. కలకత్తాలో ఎర్ర చట్రం ఒకసారి, నీలం తల ఒకసారి, విడివిడిగా అచ్చువేసేవారు. ఒక కాగితాన్ని అటుదిటు తిప్పి పెట్టారు, అంతే! ప్రపంచంలో ఇలాంటి అచ్చుతప్పుల్లో ఇది తొలినాళ్లది. ఇప్పటికి ముప్పై దాకా మాత్రమే బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం ఎనిమిది మూలలుగా కత్తిరించినవే. మీ ఇంట్లో ముత్తాతగారి ఉత్తరాల కట్ట ఏమైనా ఉందా? ఉంటే రాణిగారి తల ఎటువైపు ఉందో ముందు అది చూడండి!